తల చార్జీ

చెన్నపట్నంలో ఆటో చార్జీలు పెరిగాయంటే సంతోషించే మనిషి ఎవరైనా ఉంటారా? ఆటోవాళ్ళను పక్కన పెట్టండి. వాళ్ళు కాకుండా ఒక్క మనిషి ఉండేది. చూలైలో కాపురం, పేరు గోవిందమ్మ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, వీధి వీధంతా ఆటోవాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్న రోజుల్లో ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. పిచ్చిదేం కాదు. దానికో లెక్క ఉంది, చెబుతాను.

గోవిందమ్మకు యాభై రెండేళ్ళు. ముత్తాత నాడెప్పుడో నెల్లూరు వైపు నుంచి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. మొగుడు ఆనందన్ ప్యారీస్ కార్నర్ దగ్గర బట్టల గోదాములో మూటలు ఎత్తుతాడు. ఒక్కతే కూతురు జనని, పంతొమ్మిదేళ్ళది, ఎన్నూరు వైపు ఒక కాలేజీలో నర్సు చదువు చదువుతోంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే అరవమే వస్తుంది. తల్లి తెలుగులో తిడితే కూతురు అరవంలో బదులు చెబుతుంది, మధ్యలో ఆనందన్ తన పాటికి తాను అన్నం తింటుంటాడు.

గోవిందమ్మ పని గోపాలయ్యగారి సవరాల కొట్టులో. చూలైలో ఒక సందు, ఆ సందులో ఒక మేడ, ఆ మేడ మెట్ల కింద కొట్టు. ఇంటింటికీ తిరిగి స్టీలు గిన్నెలిచ్చి వెంట్రుకలు కొనేవాళ్ళు తెచ్చిపోసిన జుట్టును ఉతికి, ఆరబెట్టి, మేకులు దిగేసిన చెక్క మీద దువ్వి, పొడుగు ప్రకారం ఏరి, దారానికి కట్టి సవరాలు, జడలు, కొప్పులు చేస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడది అదే పని. కొప్పు కట్టడంలో ఆవిడ చెయ్యి పడితే ఆ తీరే వేరు. మరి ఆవిడ జుట్టో? ఎలుక తోకంత. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. లేనమ్మ సంగతి మాత్రం ఎవరూ సామెతలో పెట్టలేదు.

గోపాలయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మంచివాడా, చెడ్డవాడా అని అడిగితే, కొట్టు యజమాని అని చెప్పాలి. పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురినీ "ఓసి" అని తప్ప పిలవడు. "ఓసి గోవిందమ్మా, ఆ జడ ఈడ పెట్టు." "ఓసి పంకజం, నీళ్ళు తే." వాళ్ళమ్మ అట్లాగే పిలిచేదట, ఆయన నోటికీ అదే పట్టుకుంది. అందులో తిట్టేమీ లేదు. కాకపోతే మద్రాసులో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఈ ఊళ్ళో డబ్బివ్వకుండా ఊరికే దొరికేదాన్ని ఓసి అంటారు. ఓసి టీ, ఓసి సినిమా, ఓసి భోజనం. గోపాలయ్య గట్టిగా పిలిచినప్పుడల్లా పక్క సందులో అరవవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. గోవిందమ్మ పట్టించుకునేది కాదు.

కోడంబాక్కంలో అరుళ్ అని ఒక మేకప్ మనిషి ఉన్నాడు. సినిమాలకూ సీరియళ్ళకూ ఆడవాళ్ళ తలకట్టు చూసేది అతనే. గోపాలయ్యకు పెద్ద బేరం అతనిదే. వారానికి రెండు మూడుసార్లు పొద్దున్నే ఫోను చేస్తాడు. పది గంటల షూటింగుకు ఫలానా కొప్పు కావాలి, అర్జెంటు. గోపాలయ్య ఆ కొప్పును అట్టపెట్టెలో పెట్టించి, గోవిందమ్మ చేతిలో ఆటో చార్జీ పెట్టి పంపేవాడు. పోను ఆటో, రాను బస్సు, అదీ ఏర్పాటు. మొదట్లో నూట ఇరవై ఇచ్చేవాడు, తరువాత నూట యాభై అయింది. పెట్రోలు పెరిగిందనీ, ఒక్కడూ మీటరు వెయ్యడనీ, వాళ్ళు అడిగినంతా పొయ్యాల్సి వస్తోందనీ మొరపెట్టుకుని గోవిందమ్మ దాన్ని రెండు వందలకు తెచ్చింది.

మొర బాగానే పెట్టుకునేది గాని, ఆవిడ ఆటో ఎక్కితే కదా!

మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు ఓసి అని గవర్నమెంటు చెప్పిన నాటి నుంచీ గోవిందమ్మకు ఆటో అనేది పక్కనుంచి పోయే వస్తువు. ఎనిమిదికి కొట్టు వదిలి మెయిన్ రోడ్డు మీద నిలబడేది. డీలక్సు వస్తే వదిలేసేది, దాంట్లో డబ్బులు తీసుకుంటారు. ఎక్స్‌ప్రెస్ వచ్చినా వదిలేసేది. మొహానికి గులాబి రంగు పూసిన బస్సు రావాలి, లేదా తెల్ల బోర్డు బస్సన్నా రావాలి. వచ్చిందా, ఎక్కి, కండక్టరు చింపిచ్చే సున్నా రూపాయల టికెట్టు తీసుకుని, సీటు దొరికితే సీటు, లేకపోతే కమ్మీ పట్టుకుని నిలబడడం. ఆటోలో ముప్పావుగంట, బస్సులో గంటంబావు. తేడా వచ్చిన అరగంటను ఆవిడ దిగాక పరుగులాంటి నడకతో కొంత, అరుళ్‌కు చెప్పే అబద్ధంతో కొంత సర్దేది.

ఇంట్లో కూడా ఈ ఓసి చాలా మార్పులు తెచ్చింది. ఆనందన్‌కు బస్సులో టికెట్టు ఉంది, పెళ్ళానికి లేదు. అందుకని బస్సెక్కి చెయ్యాల్సిన పనులన్నీ పెళ్ళాం నెత్తిన పడ్డాయి. రేషను కార్డు ఆఫీసు ఆవిడే, కొత్తవాల్ వీధి బియ్యం ఆవిడే, ఆయన అక్కను ఆస్పత్రికి తీసుకుపోవడం ఆవిడే. ఆయన మాత్రం చార్జీ పెరిగే స్టేజి ఎక్కడొస్తుందో కనిపెట్టి, దానికి ముందు స్టాపులోనే దిగి, మిగిలింది నడిచి పోతాడు. ఆ మిగుల్చుకున్న రూపాయలతో టీ తాగుతాడు. "నడిచినందుకు అలసట, అలసటకి టీ, టీకి డబ్బు. మిగిలిందేంది?" అంటుంది గోవిందమ్మ.

మరి ఆ రెండు వందలూ ఆవిడ ఏం చేసేది? చీర కొనలేదు, చీటీ కట్టలేదు. జననికి ఇచ్చేది. జనని బేసిన్ బ్రిడ్జిలో కరెంటు రైలెక్కి ఎన్నూరులో దిగుతుంది. రైలుకు స్టూడెంటు సీజన్ టికెట్టు ఉంది, అది పెద్ద ఖర్చు కాదు. బాధంతా దిగాకనే. స్టేషన్ నుంచి కాలేజీకి మూడు కిలోమీటర్లు, సముద్రం పక్క రోడ్డు. హార్బరుకు పోయే కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని పోతుంటాయి. నడిచేవాళ్ళకంటూ ఒక గట్టు లేదు. ఆ వేళకు బస్సు రాదు. ఉన్నదల్లా షేర్ ఆటో. మొదటి నెలల్లో, పోనీ డబ్బులు మిగులుతాయిలే అని పిల్ల నడిచింది. ఒకరోజు లారీ కొక్కెం తగులుకుని భుజాన ఉన్న బ్యాగు లారీతో పాటు పోయింది. బ్యాగుతో పోయింది గనక సరిపోయింది. మోచేతి దాకా చర్మం లేచిపోయి ఇంటికొచ్చిన కూతుర్ని చూసింది గోవిందమ్మ. నా బిడ్డ ఇంక ఆ రోడ్డున నడవకూడదు అని ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

షేర్ ఆటో అప్పట్లో మనిషికి పదిహేను. అది ఇరవై అయింది, ఇరవై ఐదయింది, ముప్పై దగ్గర నిలబడింది. పోను ముప్పై, రాను ముప్పై. కోడంబాక్కం డబ్బు సరిగ్గా దానికి సరిపోయేది. తల్లి ఎక్కని ఆటో డబ్బు కూతురు ఎక్కే ఆటోకు పోయేదన్నమాట. ఊళ్ళో ఆటోవాళ్ళు చార్జీ పెంచితే గోవిందమ్మ ఎందుకు నవ్వేదో ఇప్పుడు తెలిసింది కదా. ఆ వంకతోనే కదా గోపాలయ్య చెయ్యి పైకి లేచేది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు మాత్రం ఉండేది. అట్టపెట్టె. కొప్పు బరువు పావుకిలో ఉండదు గాని పెట్టె టీవీ పెట్టెంత. ఒకరోజు కండక్టరు దాన్ని చూసి, "మనిషికే ఓసి, పెట్టెకు కాదు. లగేజీ టికెట్టు తీసుకో" అన్నాడు అరవంలో.

"దీంట్లో గాలి తప్ప ఏముందప్పా? కావాలంటే ఎత్తి చూడు" అంది గోవిందమ్మ.

"గాలికే టికెట్టు. ఇద్దరు నిలబడే చోటు నీ గాలి పట్టేసింది" అన్నాడతను.

గోవిందమ్మ పెట్టె మూత తీసింది. తన ఎలుక తోకను చుట్టచుట్టి, దాని మీద ఆ నిండు కొప్పును బోర్లించి, నాలుగు పిన్నులు గుచ్చింది. పెట్టెను మడిచి అణగదొక్కి సంచిలోకి తోసేసింది. "ఇప్పుడు చెప్పు, లగేజీ యాడుందో?" అంది. బస్సు బస్సంతా గొల్లుమంది. కండక్టరు కూడా నవ్వాపుకోలేక సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

ఆరోజు నుంచి అదే పద్ధతి. పైగా ఇంకో సంగతి తెలిసొచ్చింది. పెట్టెలో పోయిన కొప్పు ఒక పక్కకు ఒరిగిపోయి, కట్టు వదులై చేరేది. నెత్తిన పోయిన కొప్పు కట్టింది కట్టినట్టే చేరేది. అరుళ్ మేకప్ షాపు వెనక సందులో కొప్పు దించి, ఒకసారి దువ్వెన తగిలించి, పెట్టెను మళ్ళీ విప్పి నిలబెట్టి, అందులో పెట్టి ఇచ్చేది. "అక్కా, నీ చేతి కొప్పు సెట్టింగు చెడిపోకుండా ఎట్లా వస్తుందో" అని అరుళ్ ఆశ్చర్యపోయేవాడు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. బస్సు టికెట్టును ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో చోట పెట్టుకుంటారు. కొందరు గాజుల కింద, కొందరు వాచీ పట్టీలో. గోవిందమ్మకు చిన్నప్పటి నుంచి కొప్పులో దోపుకునే అలవాటు. జుట్టు పలచబడి దోపడానికి చోటు లేక ఆ అలవాటు పదేళ్ళ కిందట దానంతటదే పోయింది. నెత్తి మీద మళ్ళీ నిండు కొప్పు వచ్చేసరికి చెయ్యి పాత దారి పట్టింది. టికెట్టు కొప్పులో దోపడం, దించేటప్పుడు తీసి పారెయ్యడం. చాలా రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఒక బుధవారం నాడు మెట్రో పనులకు రోడ్డు సగం మూసేశారు. బస్సు పాకుతూ పాకుతూ చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. అరుళ్ రెండుసార్లు ఫోను చేశాడు. గోవిందమ్మ పడుతూ లేస్తూ పరిగెత్తి, సందులో కొప్పు దించి, దువ్వెన తీసే వ్యవధి కూడా లేక పెట్టెలో పెట్టి ఇచ్చేసి, అమ్మయ్య అనుకుంది.

మర్నాడు కొట్టులో అడుగు పెట్టగానే గోపాలయ్య పిలిచాడు.

"ఓసి గోవిందమ్మా, ఇట్రా." ఆయన చేతిలో ఫోను ఉంది. దాన్ని ఆవిడ మొహం ముందు పెట్టాడు. "ఇదేంది?"

ఫోటోలో ఒక బస్సు టికెట్టు ఉంది. "బస్సు టికెట్టు సామీ" అంది గోవిందమ్మ.

"ఇది యాడుండింది తెలుసునా? హీరోయిన్ కొప్పులో! పాతకాలం రాణి యేషమంట. లైట్లేసి, కెమెరా పెట్టి, షాట్ రెడీ అన్నాక ఎవురో చూసి నవ్వినారంట. రాణెమ్మ తలకాయలో ఓసి టికెట్టు! అరుళు నన్ను అనరాని మాటలన్నాడు." గోపాలయ్య గొంతు సందు చివరి దాకా వినిపించింది. "ఆటోకని నేను రెండు నూర్లు లెక్కబెట్టి ఇస్తా ఉంటే, నువ్వు ఓసి బస్సులో పోతా ఉండావా? ఎన్నాళ్ళబట్టి సాగతా ఉండాది ఈ యాపారం?"

గోవిందమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళలో ఒక పిన్ను కూడా కొట్టు దాటించిన మనిషి కాదు. పంకజం, ఇంకొకామె దువ్వడం ఆపి తలలు వంచుకున్నారు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని ఆ టికెట్టునే మళ్ళీ చూసింది. వేలు తగిలిందో ఏమో, ఫోటో పక్కకు జరిగి వెనకున్న ఇంకో ఫోటో వచ్చింది. అది గోపాలయ్య సినిమా కంపెనీకి పంపిన బిల్లు. ఆవిడకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు, ఆటో అనే ఇంగ్లీషు మాటా చూసి చూసి పోల్చగలదు. ఆటో, పోను మూడు వందల యాభై. ఆటో, రాను మూడు వందల యాభై.

"ఇదెవురి ఆటో సామీ?" అంది.

గోపాలయ్య దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయాడు. ఫోను లాక్కున్నాడు. "అది... వెయిటింగు చార్జీ. టాక్సూ అదీ ఉంటాది. నీకు తెలీదులే" అన్నాడు. మళ్ళీ గొంతు పెంచాడు. "నీ పుణ్యాన అదీ పాయె! మనిషి సున్నా టికెట్టులో వస్తా ఉండాది, ఇంక ఆటో డబ్బు ఇచ్చేదిల్లే అనేసినారు కంపెనీవోళ్ళు. నాకు లేనిది నీకు యాడ తెచ్చేది? ఇకమీద బస్సులోనే పో. ఎట్లున్నా ఓసే గదా."

చూడండి మరి. గవర్నమెంటు గోవిందమ్మకు ఇచ్చిన ఓసి ఎన్ని చేతులు మారిందో. మొదట ఆవిడ చేతిలో ఉంది, అక్కడి నుంచి కూతురి ఆటోకు పోయింది. ఒక చిన్న కాగితం ముక్క బయటపడేసరికి నేరుగా పోయి సినిమా కంపెనీ జేబులో కూర్చుంది. వాళ్ళు ఏ బస్సూ ఎక్కలేదు, ఏ ఎండలోనూ నిలబడలేదు.

తప్పు తనవైపూ ఉంది గనక గోవిందమ్మ నోరెత్తలేదు. ఆ వారం రెండుసార్లు ఊరికే కోడంబాక్కం పోయి వచ్చింది. చేతిలో డబ్బు లేదు. సోమవారం పొద్దున జననికి టిఫిన్ డబ్బా ఇచ్చింది గాని ఆటో డబ్బు ఇవ్వలేకపోయింది. పిల్ల అడగలేదు. "పరవాయిల్లమ్మా, నడందు పోరేన్" అని, పర్వాలేదు నడిచి పోతానని చెప్పి చెప్పులు తొడుక్కుంది.

సాయంత్రం తిరిగొచ్చిన పిల్ల చున్నీని బకెట్లో ముంచితే నీళ్ళు నల్లగా అయ్యాయి. దుమ్ము, బూడిద, లారీల పొగ. రెండో నీళ్ళూ నలుపే. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. పొద్దున ఎనిమిదింబావు నుంచి తొమ్మిది దాకా గోవిందమ్మ చేతులు జుట్టు దువ్వుతున్నా ప్రాణం ఎన్నూరు రోడ్డు మీదే ఉండేది. "సేందుట్టేన్" అని, చేరానని కూతురి నుంచి ఫోను వచ్చేదాకా టీ కూడా ముట్టేది కాదు. గురువారం ఫోను పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ పది నిమిషాల్లో మేకుల చెక్క మీద వేలు గీరుకుని రక్తం వచ్చినా చూసుకోలేదు.

ఆరోజు మధ్యాహ్నం లేచి గోపాలయ్య ముందు నిలబడింది. "సామీ, కొప్పు కట్టేదానికి మీరు నాకు జీతమిస్తా ఉండారు. మోసేదానికి గాదు. రేపటినుంచి కోడంబాక్కానికి ఇంకెవుర్నన్నా చూసుకోండి."

"ఓసి, నువ్వు కాకపోతే ఊరు గొడ్డుపోయిందా?" అన్నాడు గోపాలయ్య. ఫోనులో బుక్ చేస్తే బైకు మీద మనిషి వస్తాడు, ఆటోలో సగం డబ్బుకే తీసుకుపోతాడు.

వచ్చాడు. హెల్మెట్ పెట్టుకుని, భుజాన అంత పెద్ద సంచితో వచ్చి, అట్టపెట్టెను ముందు పెట్టుకుని, మోకాళ్ళ మధ్య బిగించుకుని తుర్రుమన్నాడు. అరగంటలో చేరింది. పెట్టె చేరింది గాని కొప్పు కొప్పుగా చేరలేదు. ఒక పక్క అణిగిపోయి, మధ్యలో కట్టు తెగింది. అరుళ్ దాన్ని నిలబెట్టడానికి గంట పట్టింది, షూటింగు ఆగింది. రెండోసారి ఇంకో బైకు వచ్చింది. దారిలో వాన పడింది. తడిసిన జుట్టు ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మరుసటి వారం ఒకరోజు పొద్దున ఏడింటికి అరుళ్ ఫోను. కొట్టులో అందరికీ వినిపించేంత గట్టిగా అరుస్తున్నాడు. ఈరోజు పది గంటలకు రాణి కొప్పు మళ్ళీ కావాలి. మునుపు వచ్చినట్టు రావాలి. ఇది కూడా నలిగి వచ్చిందా, వడపళనిలో ఇంకో సవరాల కొట్టు ఉంది, వాళ్ళ దగ్గరికి పోతాను.

గోపాలయ్య ఫోను పెట్టేశాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు పెద్దలు. ఆయన గొంతులోకి వెన్న వచ్చింది.

"ఓసి గోవిందమ్మా, నువ్వు తీసకపోయేటప్పుడు నలక్కుండా ఎట్ల పోతా ఉండె?"

గోవిందమ్మ చేతిలో దారం కిందపెట్టింది. దాచి ఇంక లాభమేముంది? "పెట్టెలో గాదు సామీ. నా నెత్తిన పెట్టుకొని పోతా ఉంటి."

"ఏందీ!" గోపాలయ్య కుర్చీలోంచి లేచాడు. "హీరోయిన్ పెట్టుకొనే కొప్పును నువ్వు పెట్టుకొంటివా? బస్సులోనా?"

"ఆ జుట్టు ఆకాశం నుంచి ఊడిపడిందా సామీ? ఎవురెవురి నెత్తినో పెరిగిందే గదా. ఇన్ని తలలు తిరిగొచ్చింది నా తల తగిల్తే మైలపడిపోతాదా? నేను కట్టిన కొప్పు నేను పెట్టుకొంటి. అంతేగదా."

పంకజం పక్కకు తిరిగి దగ్గినట్టు నవ్వింది. గోపాలయ్య గోడ గడియారం వంక చూశాడు. ఏడుంపావు. అరుళ్ అరుపు ఇంకా చెవిలోనే ఉంది. మైల సంగతి తరువాత చూసుకోవచ్చని ఆయనకు తోచింది. "సరి సరి, అరుళుకి చెప్పబాక. పెట్టుకొనే పో. బిరీన పో."

"చార్జీ?"

"బస్సు ఓసి గదే?"

గోవిందమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. ఇరవై రెండేళ్ళలో అట్లా చూడడం అదే మొదటిసారి. "బస్సు ఓసి సామీ. నేను గాదు. ఇన్నేండ్లు ఓసి, ఓసి అని పిలిచి పిలిచి, నిజంగానే నన్ను ఓసి అనుకొంటిరా?"

గోపాలయ్య నోట పుట్టినప్పటి నుంచీ నానిన మాట అది. అది అట్లా తిరిగి వచ్చి తగులుతుందని ఎప్పుడూ అనుకోలేదు. "ఎంతా?" అన్నాడు మెల్లగా.

"తూరికి రెండు నూర్ల యాభై."

"ఆటో కంటే జాస్తి అడగతా ఉండావే!"

"ఆటో పెట్టెను మోస్తాది. కొప్పును మోసేది నా తల. గంటంబావు మెడ వంచకుండా, ఎవురి మోచెయ్యీ తగలనీకుండా, కునుకు తియ్యకుండా మోయాల. అబద్ధం చెప్పి ఆటో డబ్బు తీసుకొన్నది నా తప్పే. ఇంక అబద్ధం వద్దు. ఇది ఆటో చార్జీ గాదు, తల చార్జీ."

గోపాలయ్య గడియారం చూశాడు, తలుపు వంక చూశాడు, చివరికి బిల్లు పుస్తకం తీశాడు. "ఏమని రాసేది? ఆటో అంటే వాళ్ళు ఒప్పుకోరు."

"నా పేరు రాయండి."

ఆయన రాశాడు. తలకట్టు మోసిన చార్జీ, గోవిందమ్మ. అంకె వేసేటప్పుడు అలవాటున నాలుగు వందలు వేశాడు. తలెత్తితే గోవిందమ్మ ఆ అంకెనే చూస్తోంది. గోపాలయ్య దాన్ని కొట్టేసి మూడు వందలు వేశాడు. "యాభై నాకు. కొట్టుకి బాడుగ కట్టొద్దా?" అని గొణిగాడు. రెండు వందల యాభై చేతిలో పడ్డాక గోవిందమ్మ, అందులో నూరు పంకజం చేతికిచ్చి, బేసిన్ బ్రిడ్జిలో రైలు పట్టుకోబోతున్న జననికి ఇచ్చి రమ్మని పరిగెత్తించింది.

ఎనిమిదికి ఆవిడ బస్టాపులో నిలబడింది. నెత్తిన రాణి కొప్పు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఒక డీలక్సు పోయింది, ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. గులాబి మొహం బస్సు వచ్చింది. ఎక్కింది. పాత కండక్టరే. కొప్పు చూసి, "ఏమ్మా, ఈరోజు కూడా గాలేనా?" అని నవ్వి, సున్నా టికెట్టు ఇచ్చాడు. ఆవిడ చెయ్యి దానంతటదే కొప్పు దాకా పోయింది. అక్కడ ఆగి, కిందికొచ్చి, టికెట్టును రవికెలో దోపుకుంది.

సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి నిలబడింది. బస్సు వంతెన దాటుతుండగా ఫోను మోగింది. జనని.

"ఆటో ఎక్కినావా?" అంది గోవిందమ్మ, హలో కూడా అనకుండా.

"ఎక్కినా మా" అంది కూతురు. ఎప్పుడూ లేంది తెలుగులో అంది. తరువాత గొంతు తగ్గించి, "ఈరోజు నుంచి ముప్పై ఐదంట మా. దిగిపోనా?"

గోవిందమ్మకు ఈసారి నవ్వు రాలేదు. ఈ పెంపు తన చేతికి వచ్చేది కాదు, తన చేతిలోంచే పోయేది. కిటికీ పక్కకు ఒక లారీ వచ్చి, రొద చేసుకుంటూ దాటిపోయింది. అది పోయేదాకా ఆగి చెప్పింది.

"దిగబాక. కూర్చో. వాళ్ళు పెంచితే పెంచనీ, నా తల ఉండాది గదా."